చలికాలంలో పెరటి కోడి జబ్బుపడితే: మొదటి గంట నుంచి మళ్లీ గుంపులో కలిపేదాకా

కార్తీకం దాటితే చాలు, ఇదే ప్రశ్న. "కోడి ముడుచుకుని కూర్చుంది, మేత ముట్టడం లేదు, ఏ మందు వేయాలి?" అని ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ, పొట్టంగి, దమన్‌జోడి వైపు నుంచి అడుగుతూనే ఉన్నారు. రాయగడ, గుణుపురం వాళ్లదీ అదే మాట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది.

మందు సంగతి ఇందులో చాలా కింద వస్తుంది. కావాలనే అక్కడ పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. కొరాపుట్ కొండల మీద డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగిపోతాయి. ఒంటికీ బయటి చలికీ మధ్య ఉన్న ముప్పై డిగ్రీల తేడాని కోడి తాను తిన్న మేతతోనే నెట్టుకురావాలి. మేత మానేసిన కోడికి ఆ బలం ఎక్కడిది? చిన్న జబ్బు కూడా ఒక్క రాత్రిలో ముదిరిపోయేది అందుకే. కాబట్టి వరుస ఇది: వెచ్చదనం, నీళ్లు, పరీక్ష, మేత, ఆ తర్వాత మందు.

1. జబ్బు రాకముందే ఇంట్లో ఉండాల్సినవి

రాత్రి పదింటికి కోడి పడిపోతే సెమిలిగుడ బజారు తెరిచి ఉండదు. ఇవన్నీ ఒక డబ్బాలో వేసి, చలికాలం మొదట్లోనే పక్కన పెట్టుకోండి.

- కోడి నిలబడి తిరగగలిగేంత పెద్ద అట్టపెట్టె, లేకపోతే వెడల్పాటి వెదురు గంప
- శుభ్రమైన గోనె సంచులు నాలుగైదు, పాత తువ్వాళ్లు
- పొడిగా ఉన్న వరి ఊక ఒక సంచి
- 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు, హోల్డరు, గట్టి వైరు
- గోడకి తగిలించే మామూలు థర్మామీటరు
- సూది లేని 2 మి.లీ., 5 మి.లీ. సిరంజీలు
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- పోవిడోన్ అయోడిన్, కొబ్బరి నూనె, దూది
- చేతి గ్లవ్స్, మాస్కు
- చిన్న తూకం (వంటింటి తూకమైనా చాలు)

బల్బు గురించి ఒక మాట. ఎల్‌ఈడీ బల్బు వెలుగే గానీ కోడికి సరిపడే వేడి ఇవ్వదు. ఫిలమెంటు బల్బులు ఈ మధ్య మామూలు షాపుల్లో దొరకడం కష్టంగా ఉంది. కోడిపిల్లలు, దాణా అమ్మేవాళ్ల దగ్గర అడిగి చూడండి. ఒకటి దొరికితే రెండు కొనండి.

2. నిజంగా జబ్బేనా?

చలికాలంలో జబ్బులా కనిపించి జబ్బు కానివి మూడున్నాయి.

ఈకలు రాలడం మొదటిది. పాత ఈకలు పోయి కొత్తవి వచ్చే రోజుల్లో కోడి గుడ్లు మానేస్తుంది, చూడ్డానికి చిరిగిన గుడ్డలా ఉంటుంది. కానీ తింటుంది, తిరుగుతుంది. దానికి మంచి మేత చాలు.

రెండోది పగలు తగ్గడం. కోడి బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకి 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. డిసెంబరులో మనకి పగలే 11 గంటల చిల్లర. గుడ్లు తగ్గాయని మందులు కొననక్కర్లేదు.

మూడోది పొదుగుడు. పొదుగుకొచ్చిన పెట్ట గూట్లోనే కూర్చుని, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది. జబ్బు కోడి గుర్రుమనదు, చెయ్యి పెట్టినా పట్టించుకోదు.

పొద్దున్న గూడు తలుపు తీసేటప్పుడు నిలబడి రెండు నిమిషాలు చూడండి. అన్నిటికన్నా చివర బయటికొచ్చేది ఎవరో, గింజలు చల్లితే పరుగెత్తనిది ఎవరో తెలిసిపోతుంది. కోడి తన జబ్బుని చివరిదాకా దాచుకుంటుంది. కంటికి కనిపించిందంటే అప్పటికే ఒకటి రెండు రోజులైనట్టే లెక్క.

జబ్బు గుర్తులు:

- ఈకలు ఉబ్బించి, మెడ లోపలికి లాక్కుని, ఎండలో కూడా కళ్లు మూసుకోవడం
- తోక కిందికి వాలడం, రెక్కలు వేలాడటం
- తురాయి పాలిపోవడం లేదా నీలి రంగుకి తిరగడం
- నోరు తెరిచి ఊపిరి తీయడం, గురగుర, తుమ్ములు
- రెట్ట ఆకుపచ్చగానో, సున్నంలానో, నెత్తురుతోనో ఉండటం
- రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగలడం

తురాయి నీలంగా ఉంటే "మంచు పట్టింది" అనేస్తారు. మన కొండల్లో చలి ఎంత ఉన్నా తురాయి గడ్డకట్టే చలి మాత్రం అరుదు. ఆ నీలం ఎక్కువసార్లు ఊపిరి సరిగ్గా ఆడటం లేదనో, రక్తం సరిగ్గా తిరగడం లేదనో చెబుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

3. వేరు చేయడం: మొదటి పదిహేను నిమిషాలు

అనుమానం వచ్చిన నిమిషంలోనే గుంపులోంచి తీసేయండి. రెండు కారణాలు. అంటురోగమైతే మిగతావాటికి పాకుతుంది. అంటురోగం కాకపోయినా, నీరసంగా ఉన్నదాన్ని మిగతా కోళ్లు పొడుస్తాయి, మేత దగ్గరికి రానివ్వవు.

గాలి సూటిగా కొట్టని, పొగ లేని, పిల్లీ కుక్కా రాని చోటు చూడండి. వంటింట్లో పొయ్యి పక్కన వద్దు. వెచ్చగా ఉంటుందనిపిస్తుంది గానీ, కట్టెల పొగ ఊపిరి జబ్బున్న కోడికి మరింత చేటు. పిల్లలు పడుకునే గది కూడా వద్దు. వరండా మూలన మూడు వైపులా గోనె కట్టుకుంటే చాలామందికి సరిపోతుంది.

రోజూ పని చేసే వరుస మాత్రం తప్పకండి. ముందు ఆరోగ్యంగా ఉన్న కోళ్ల మేత, నీళ్లు, గుడ్లు. చివర్లో జబ్బు కోడి. తర్వాత సబ్బుతో చేతులు. జబ్బు కోడి దగ్గరికి వెళ్లే చెప్పులు వేరుగా ఉంచండి. గిన్నెలు కూడా వేరే.

4. వెచ్చదనం

ఇక్కడ సమయం పెట్టండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

*తడిసి ఉంటే ముందు ఆరబెట్టాలి.* పొగమంచులో తిరిగిన కోడి పైకి పొడిగా కనిపిస్తుంది. ఈకల కింద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే తువ్వాలుతో అద్ది, ఎండ ఉంటే గాలి తగలని ఎండలో, లేకపోతే హెయిర్ డ్రయ్యరుని తక్కువ వేడిలో పెట్టి ఒక అడుగు దూరం నుంచి ఆరబెట్టండి. తడి కోడిని అలాగే గంపలో పెట్టి బల్బు వేస్తే పైన వేడి, లోపల చలి.

*పడక.* అడుగున రెండంగుళాల ఊక, దాని మీద గోనె. పైన గోనె పరిస్తే రెట్ట రంగు స్పష్టంగా కనిపిస్తుంది, పొద్దున మార్చడమూ సులువు. ఒట్టి పేపరు మీద నీరసపు కోడి కాళ్లు జారిపోతాయి. కోత మిల్లు రంపపు పొట్టు మెత్తగానే ఉంటుంది గానీ దుమ్ము రేగుతుంది. ఊపిరి జబ్బుకి అది పనికిరాదు.

*బల్బు.* పెట్టెకి ఒక చివరన మాత్రమే, కోడి వీపుకి ఒకటిన్నర అడుగు పైన ఉండాలి. రెండో చివర చల్లగా వదిలేయాలి. వేడి ఎక్కువైతే కోడి తనంతట తాను పక్కకి జరుగుతుంది. వెచ్చని వైపు, కోడి వీపు ఎత్తులో థర్మామీటరు 27 నుంచి 30 డిగ్రీలు చూపిస్తే సరిపోతుంది. థర్మామీటరు లేకపోతే ఆ ఎత్తులో అరచెయ్యి అయిదు నిమిషాలు ఉంచండి. హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

కోడి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, బల్బుకి దూరంగా నక్కితే వేడి ఎక్కువైంది. బల్బు కిందే ముడుచుకుని వణుకుతుంటే తక్కువైంది.

బల్బుని ఒక్క వైరు మీద వేలాడదీయకండి. వైరు ఒకటి, విడిగా ఇనుప తీగ ఒకటి కట్టండి. ఒకటి ఊడినా బల్బు గోనె మీద పడకూడదు. మన ఊళ్లలో గడ్డి కప్పు ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఈ విషయంలో బద్ధకం పనికిరాదు.

*కరెంటు పోతే.* కొండ మీద రాత్రిపూట కరెంటుని నమ్ముకోలేం. రెండు ప్లాస్టిక్ సీసాల్లో చెయ్యి ఓర్చుకునేంత వేడి నీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి కోడికి ఇరుపక్కలా పెట్టండి. మరిగే నీళ్లు పోస్తే సీసా మెత్తబడి కారుతుంది, కోడి తడుస్తుంది. పొయ్యి పక్కన వేడెక్కిన ఇటుకని గోనెలో చుట్టి పెట్టడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. ఈ వేడి మూడు గంటలకు మించి నిలవదు. రాత్రిలో అతి చలి తెల్లవారుజామునే కాబట్టి మూడు, నాలుగు గంటల మధ్య ఒకసారి లేచి మార్చాలి. అలారం పెట్టుకోండి.

బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టకండి. దాని విషవాయువుకి మనుషులకన్నా పక్షులు ముందు పోతాయి. మనకీ ప్రమాదమే.

*పైన కప్పడం.* గంప మీద గోనె కప్పితే నాలుగో వంతు తెరిచే ఉంచండి. అంతా మూసేస్తే లోపల చెమ్మ, రెట్ట ఘాటు చేరతాయి.

5. నీళ్లు

వెచ్చబడిన అరగంట తర్వాత నీళ్లు. చల్లటి నీళ్లు వద్దు, గోరువెచ్చగా ఉండాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి తల కొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే కోడికి హాని, చెంచాతో కొలవండి, చేత్తో వేయకండి. ఒకరోజు దాటిన నీళ్లు పారబోసి కొత్తగా కలపాలి. రెండో రోజు నుంచి పక్కన మామూలు నీళ్లు కూడా పెట్టండి.

ముందు ముక్కు చివర నీళ్లలో ముంచి చూడండి. చాలా కోళ్లు అక్కడి నుంచి తామే తాగుతాయి. తాగకపోతే సిరంజీతో ముక్కు పక్క అంచు మీద రెండు మూడు చుక్కలు వేసి, మింగేదాకా ఆగి, మళ్లీ వేయండి. ఇలా గంటకోసారి 5 నుంచి 10 మి.లీ.

నోరు బలవంతంగా తెరిచి పోయడం దగ్గరే చాలా కోళ్లు పోతాయి. కోడి నాలుక వెనకే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. గబుక్కున పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ నిలబెట్టలేని కోడికి, స్పృహ లేని కోడికి నోట్లో ఏమీ పోయకూడదు. దానికి వెచ్చదనమే ఇచ్చి డాక్టరు కోసం చూడాలి.

6. తల నుంచి తోక దాకా పరీక్ష

కోడి కాస్త తేరుకున్నాక గ్లవ్స్, మాస్కు వేసుకుని, ఒళ్లో తువ్వాలు పరిచి, ఎండ వెలుతురులో చూడండి. చూసింది కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

- కళ్లు, ముఖం: నురగ, వాపు, చీము, పొక్కులు
- ముక్కు రంధ్రాలు: కారుతోందా, వాసన ఉందా
- నోరు: లోపల పసుపు పొర ఉందా
- ఊపిరి: చెవి వీపుకి ఆనించి వింటే గురగుర వినిపిస్తోందా
- మేత సంచి (మెడ కింద, రొమ్ము పైన, కుడి పక్కకి ఉండే తిత్తి): ఖాళీనా, గట్టిగా ఉందా, నీళ్ల బుడగలా ఉందా
- పొట్ట: గట్టిగా, ఉబ్బుగా ఉందా
- మలద్వారం: రెట్ట అంటుకుందా, వాపు ఉందా, చుట్టూ పేలు ఉన్నాయా
- అరికాళ్లు: నల్లటి పుండు, వాపు
- బరువు: రోజూ ఒకే వేళకి తూచాలి

మేత సంచిని పొద్దున్నే, మేత వేయకముందు చూడాలి. రాత్రంతా అరిగి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. సాయంత్రం నిండుగా ఉండటం మామూలే.

7. దొరికిన గుర్తుని బట్టి

*గుడ్డు అడ్డుపడటం.* పెట్ట నిటారుగా నిలబడి, తోక దించి, ముక్కుతూ ఉంటుంది. మాటిమాటికీ గూట్లోకి వెళ్లొస్తుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, పొట్ట మునిగేలా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. చలికాలంలో ఇక్కడే తేడా వస్తుంది: గుడ్డు బయటపడుతుంది, తడితో కోడి పోతుంది. ద్వారం దగ్గర కొబ్బరి నూనె రాసి, చీకటిగా, వెచ్చగా ఉన్న చోట గంటసేపు వదిలేయండి. నొక్కి బయటికి తీయడం, లోపల గుడ్డు పగలగొట్టడం వద్దు. పెంకు లోపల గుచ్చుకుంటే బతకదు. అదే రోజు గుడ్డు రాకపోతే డాక్టరే. పెట్టిన తర్వాత మేతలో గవ్వ పొడి, గుల్ల పొడి, ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు అలవాటు చేయండి.

*మేత సంచి గట్టిపడటం.* ఎండు గడ్డి పోచలు, ప్లాస్టిక్ దారాలు తింటే వస్తుంది. మేత ఆపి, గోరువెచ్చని నీళ్లు, కొబ్బరి నూనె కొన్ని చుక్కలు ఇచ్చి, వేళ్లతో మెల్లగా పిసకండి. రోజుకి మూడు నాలుగు సార్లు. నీళ్ల బుడగలా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే అది వేరే సమస్య, పిసకకండి. తలకిందులుగా పట్టి కక్కించే పద్ధతి చాలామంది చెబుతారు, అది కూడా ఊపిరితిత్తుల్లోకి పోయి చంపుతుంది.

*నెత్తురు రెట్ట.* ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో, తడి ఊక మీద పెరిగే వాటిలో వస్తుంది. ఊక మొత్తం తీసి కాల్చేయండి, పొడి ఊక వేయండి. ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తారు. మోతాదు డాక్టరు చెప్పినట్టు, సీసా మీద ఉన్నట్టు. ఇందులో ఆలస్యం చేస్తే రెండు రోజుల్లో పిల్లలన్నీ పోవచ్చు.

*గురక, ముక్కు కారడం, ముఖం వాపు.* గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీ చెంచా కన్నా తక్కువ ఉప్పు వేసి, దూదితో కళ్లు, ముక్కు తుడవండి. ప్రతి కంటికి వేరే దూది. ముక్కు నుంచి దుర్వాసన వస్తూ ముఖం వాస్తే అది గుంపంతా పాకే జబ్బు, డాక్టరు రాసిన మందు కావాలి.

*పొక్కులు.* తురాయి మీద, కంటి చుట్టూ నల్లటి పెచ్చులు కడితే అది కోళ్ల మశూచి. మా వైపు అమ్మోరు అంటారు. పెచ్చులు గిల్లకండి, అయోడిన్ అద్దండి. తగ్గడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. దోమలతో పాకుతుంది కాబట్టి గంప మీద దోమతెర కప్పండి. కన్ను మూసుకుపోతే మేత, నీళ్లు ముక్కు దగ్గరికి మీరే తేవాలి. నోట్లో పసుపు పొర కనిపిస్తే ఆగకుండా చూపించండి.

*పేలు.* చలికాలంలో కోళ్లు మట్టి స్నానం తగ్గిస్తే పేలు పెరుగుతాయి. పొడి ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి ఎండ తగిలే మూలన పెట్టండి. కిరసనాయిలు రాయడం మాత్రం వద్దు. చర్మం కాలుతుంది.

8. మేత

నీళ్లు రెండు మూడుసార్లు నిలిచాకే మేత. మొదటి రోజు చెంచా చెంచాగా, రెండు గంటలకోసారి.

ఉడికించిన గుడ్డు మెత్తగా నలిపి పెట్టండి. కోడికి గుడ్డేమిటని మొహం చిట్లించకండి, నీరసానికి ఇంతకన్నా మంచిది ఇంట్లో లేదు. పలచని చోడి (రాగి) అంబలి, మెత్తగా ఉడికిన నూకలు, గోరువెచ్చని నీళ్లతో తడిపిన మామూలు దాణా కూడా సరే. రెండో రోజు సన్నగా తరిగిన మునగాకు కలపండి. మిగిలింది గంటలో తీసేయాలి, పులిస్తే కొత్త జబ్బు.

మొత్తం గింజలు, ఎండు మొక్కజొన్న, పకోడీలు, ఎండు చేప ముక్కలు కోలుకునేదాకా వద్దు. చలికి వేడి చేస్తుందని మిరియాలు, వెల్లుల్లి ముద్దలు మింగించడం కూడా ఆపండి. నీరసపు కోడి గొంతులో అడ్డం పడేవి అవే.

"కాస్త సారా పట్టించు పిన్నీ, ఒళ్లు వేడెక్కుద్ది" అనే సలహా ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. సారా రక్తనాళాల్ని వెడల్పు చేసి ఒంట్లో ఉన్న వేడిని కూడా బయటికి పంపిస్తుంది. వద్దు.

9. ఇక్కడ ఆగి ఫోను చేయాలి

ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపేయండి:

- ఒకటి రెండు రోజుల్లో మూడు, నాలుగు కోళ్లు పోవడం
- మెడ మెలితిరిగి పోవడం, కాళ్లు రెక్కలు పడిపోవడం, ఆకుపచ్చ రెట్ట
- తల వాచి, తురాయి, చెంపలు ఊదా రంగుకి తిరగడం
- జబ్బు గుర్తేమీ లేకుండా హఠాత్తుగా చావు

మెడ మెలితిరిగితే ఎక్కువగా కొక్కెర తెగులు, అదే రాణిఖేత్. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. చివరి రెండు గుర్తులు బర్డ్ ఫ్లూ కూడా అయ్యుండొచ్చు. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలోనూ, 2025 ఫిబ్రవరిలో అటు గోదావరి జిల్లాల్లోనూ అది బయటపడింది. సరిహద్దుకి రెండు పక్కలా తిరిగే మనకి ఆ జాగ్రత్త ఉండాలి. చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, ఈకలు పీకొద్దు, తినొద్దు. డాక్టరు పరీక్షకి అడగకపోతే మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి, బావికి దూరంగా పూడ్చండి. గెడ్డలో (వాగులో) పారేయడం అంటే దిగువ ఊరికి పంపించడమే.

జబ్బు మొదలైందని తెలియగానే మిగిలినవాటిని గంపకెత్తి శుక్రవారం కుందులి సంతకి తీసుకెళ్లి అమ్మేయడం చాలామంది చేసే పని. నష్టం తగ్గించుకోవాలనే బాధ అర్థమవుతుంది. కానీ ఆ సంతలో కొన్నవాళ్ల ఊరికి తెగులు పోతుంది, పోయిన వారం అక్కడ కొన్న కోడితోనే మన ఇంటికి వచ్చి ఉంటుంది కూడా.

పశువుల సంచార వైద్య వాహనానికి 1962 దేశమంతా పనిచేసే ఉచిత నంబరు. ఒడిశాలో మీ పంచాయతీకి దగ్గర్లో ఉండే ఎల్‌ఏసీలో, అంటే పశువుల ప్రథమ చికిత్స కేంద్రంలో, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు (ఎల్‌ఐ) ఉంటారు. ఊళ్లో అందరూ ఎల్‌ఐ బాబు అంటారు. ఆయన నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఫోనులో చెప్పాల్సినవి: మొత్తం కోళ్లు ఎన్ని, జబ్బువి ఎన్ని, పోయినవి ఎన్ని, రెట్ట రంగు, చివరిసారి టీకా ఎప్పుడు, కొత్త కోడి ఎప్పుడు తెచ్చారు. ఒడియా తడబడితే ఫోటో, చిన్న వీడియో పంపండి, సగం మాటలు తప్పుతాయి.

10. మందులు

మనుషుల కోసం కొన్న టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి కోడి నోట్లో వేయడం మానేయండి. వైరస్ జబ్బుకి అది పనిచేయదు. పనిచేసే జబ్బుకైనా ఒకటి రెండు మోతాదులతో ఆపేస్తే జబ్బు మొండిదవుతుంది. కోళ్లకు, పశువులకు కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లో ప్రభుత్వం నిషేధించింది. పాత సీసా ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

మందు రాసినప్పుడు మూడు అడగండి: ఎన్ని రోజులు, నీళ్లలోనా నోట్లోనా, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదు. నీళ్లలో కలిపే మందైతే అదొక్కటే నీరు ఉండాలి, పక్కన వేరే గిన్నె పెట్టకూడదు. ఓఆర్‌ఎస్ కలిపి ఇవ్వొచ్చా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*చలి అని గూటికి అన్ని వైపులా పాలిథిన్ కట్టేయడం.* రాత్రంతా ఊపిరి తేమ, రెట్ట ఘాటు లోపలే ఉండి గురక మొదలవుతుంది. కోళ్లు కూర్చునే ఎత్తు దాకా మూసి, వాటి తలకి పైన, కప్పు కింద నాలుగంగుళాల సందు వదలండి. పొద్దున్న గూట్లోకి తల పెడితే కళ్లు మండకూడదు.

*రేకు కప్పు.* మన కొండల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెల్లవారుజామున రేకు లోపలి వైపు నీళ్లు పట్టి చుక్కలు చుక్కలుగా కోళ్ల మీద కారతాయి. వాన లేకుండానే తడుస్తాయి. రేకు కింద వెదురు తడిక కట్టి, మధ్యలో ఎండు గడ్డి కూరండి.

*బాగుందనిపించిన వెంటనే బల్బు తీసేయడం.* ఒక పూట తిన్నంత మాత్రాన కోలుకున్నట్టు కాదు. కిందటి రోజు కన్నా బరువు తగ్గకపోతేనే నమ్మండి.

*గంటకోసారి ఎత్తి చూడటం.* పిల్లలకి ముద్దు, కోడికి టెన్షన్. నీళ్లప్పుడు, మేతప్పుడు తప్ప కదపకండి.

*జబ్బు కోడికి టీకా వేయించడం.* టీకా ఆరోగ్యంగా ఉన్నవాటికే. రాణిఖేత్ ఆర్2బి టీకా ఎనిమిది, పది వారాల వయసులో వేస్తారు. పెరట్లో తిరిగే కోళ్లకి ఆరు నెలలకోసారి మళ్లీ వేయించడం మంచిది. సీసాలో మామూలుగా 100 డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. పది కోళ్లున్న ఇంటికి ఎల్‌ఐ బాబు విడిగా రాలేరు. వీధిలో పదిళ్ల వాళ్లు మాట్లాడుకుని ఒకే రోజు, తెల్లారకముందు కోళ్లు గూట్లో ఉండగానే పెట్టించుకోండి.

12. మళ్లీ గుంపులో కలపడం

వరుసగా రెండు రోజులు తానే తిని, తాగి, రెట్ట మామూలుగా ఉంటే మొదలుపెట్టండి. అంటురోగమైతే గుర్తులన్నీ పోయాక కూడా రెండు వారాలు వేరుగానే ఉండాలి.

మొదటి రోజు పగలు బల్బు ఆపి రాత్రి వేయండి. రెండో రోజు సగం రాత్రి దాకా మాత్రమే వేయండి. మూడో రోజు పూర్తిగా తీసేయండి. పగటిపూట ఎండలో, మిగతా కోళ్లకు కనిపించేలా గంప బోర్లించి ఉంచితే అవి దాన్ని మర్చిపోవు. చీకటి పడ్డాక, అన్నీ దూలం మీద సర్దుకున్నాక దాన్ని పక్కన కూర్చోబెట్టండి. పొద్దున్న తలుపు తీసేటప్పుడు మీరు అక్కడే ఉండాలి. ఒకటి రెండు పోట్లు మామూలే. మూలకి తరిమి నెత్తురొచ్చేలా పొడుస్తుంటే పొడిచే కోడిని రెండు రోజులు గంప కింద పెట్టండి, కోలుకున్నదాన్ని కాదు.

అయిదు రోజులు వెచ్చదనం, నీళ్లు, డాక్టరు మందు అన్నీ సరిగ్గా ఇచ్చినా బరువు పడిపోతూ, లేవలేక, ఊపిరికి అల్లాడుతుంటే డాక్టరుని మరొక్కసారి అడగండి. బతకదని ఆయన చెబితే ఇక సిరంజీ పక్కన పెట్టి, బాధ తెలియకుండా ముగించే మార్గం ఆయన చేతే చేయించండి. మందు వాడిన కోడి కాబట్టి కూర వండుకోకూడదు. గంప, గోనెలు, ఊక కాల్చేసి, ఆ చోట సున్నం నీళ్లు చల్లి, ఎండ బాగా తగలనిచ్చాకే ఇంకో కోడిని అక్కడ పెట్టండి.